బడి దొరకని గురువు: గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు

మన గ్రంథాలయము స్థాపితమై ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు ఎవరైన ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రి దీపము ముందు భారత భాగవతములు విప్పుకొని కూర్చుండుట నా వ్యసనము. గురుముఖమున నేర్చినది తక్కువ, తప్పులు దిద్దుకొనుచు చదివినది ఎక్కువ. కనుక ఇందు దోషములున్నచో చదువరులు మన్నింతురు గాక.

మన పఠనమందిరపు గోడకు కొన్ని పటములు వ్రేలాడుచున్నవి. గాంధీమహాత్ముని పటమును, వీరేశలింగముగారి పటమును అందరును గుర్తింతురు. అయ్యంకి వెంకటరమణయ్యగారిని పెద్దవారు గుర్తింతురు. వారి ప్రక్కనున్న పటము క్రింద అంటించిన పేరు చీటి ఎన్నడో చెదలపాలయినది. సాయంకాలము వచ్చు పిల్లలు ఈయనెవరు తాతగారూ అని అడుగుదురు. పేరు చెప్పి పంపుచుంటిని. ఒకనాడు ఒక పిల్లవాడు ఈయన మాస్టారా అని అడిగెను. అవునని చెప్పుటకును, కాదని చెప్పుటకును నాకు నోరు రాలేదు. ఆ పిల్లవాని ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న సమాధానమే ఈ వ్యాసము.

శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14 వ తేదీన కర్నూలులో జన్మించిరి. మదరాసు వెళ్ళి ఉన్నతవిద్య నభ్యసించి ఎం.ఏ. పట్టము నందిరి. ఆ రోజులలో ఎం.ఏ. చదివిన తెలుగువారు అరుదు. అట్టివారికి దొరతనమువారి కొలువు తలుపులు బార్లా తెరచియుండెడివి. రెవెన్యూ శాఖలోనో, న్యాయస్థానములోనో స్థిరపడి, ముదిమివయస్సున పింఛను తీసికొని సుఖముగా కాలము గడుపవచ్చును. సర్వోత్తమరావుగారు ఆ దారి పట్టక, ఉపాధ్యాయులు కాదలచి రాజమహేంద్రవరములోని శిక్షణ కళాశాలలో చేరిరి. ఈ కోరిక వారికి జీవితాంతము తీరియు తీరనిదయ్యెను.

అంతకుముందే వారు ఒక మంచి పనిలో చేయి కలిపియుండిరి. 1906 లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసినది. మన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణము. బెజవాడ పురప్రముఖులై, పిమ్మట ఆంధ్రప్రదేశ్ శాసనసభకు సభాపతులైన అయ్యదేవర కాళేశ్వరరావుగారును అందు పాల్గొనిరి. చరిత్రము, శాస్త్రము, జీవితకథలు తెలుగున సులభముగా వ్రాయించి చవుకగా జనులకందించుట ఆ మండలి ఉద్దేశము. ఆ గ్రంథమాలలో సర్వోత్తమరావుగారు వ్రాసినది అబ్రహాము లింకను చరిత్రము. రాజుల కథలును, రాణుల కథలును కోకొల్లలుగా నున్న కాలమున, ఇరువదినాలుగేండ్ల యువకుడు ఒక కట్టెల గుడిసెలో పుట్టి, ఎరవు తెచ్చిన పుస్తకములు చదువుకొని, ప్రజల ఓటుతో దేశాధ్యక్షుడైన వానిని కథానాయకునిగా ఎన్నుకొనుట గమనింపదగినది. మన దేశమున అప్పుడు ఓటన్న మాటయే ఊళ్ళలో ఎరుగరు.

1907 ఏప్రిల్ మాసమున వంగదేశ నాయకులు బిపినచంద్రపాలుగారు ఆంధ్రదేశమున సంచారము చేసిరి. కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావుగారు ఆ యాత్రకు పూనికతో తోడుండిరి. రాజమహేంద్రవరమున పాలుగారు కొన్ని దినములుండి ఉపన్యసించిరి; చూపు మందగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు వాటిని తెనిగించి వినిపించిరి. స్వదేశీ వస్తువులు, స్వరాజ్యము, జాతీయవిద్య అను మాటలు విన్న విద్యార్థులు ఇండ్లకు పోయి నిద్రపోయినవారు కారు. వందేమాతరమను మాటగల గుర్తులు ధరించి తరగతులకు పోయిరి. దొర ప్రిన్సిపాలు సహింపలేదు. దండనలు మొదలయ్యెను. విద్యార్థులకు ముందు నిలిచిన సర్వోత్తమరావుగారిని శిక్షణ కళాశాలనుండి వెడలగొట్టిరి. అంతటితో ఆగక, ఆయనకు ఎక్కడను సర్కారు ఉద్యోగ మీయరాదని ఆంక్ష విధించిరి.

ఇచ్చట ఒక్క క్షణము ఆగి విచారింపవలసియున్నది. శిక్షణ కళాశాల ఎందులకున్నది? బోధించువారిని తయారుచేయుటకు. ఆ కాలమున బోధకుని తయారుచేయుట యనగా నల్లబల్లపై అక్షరములు పొందికగా వ్రాయుట, తరగతిని అదుపులో నుంచుట, తనిఖీ దొర వచ్చినపుడు లేచి నిలుచుండుట. విద్యార్థి రేపు దేశమును గూర్చి తన బుద్ధితో ఆలోచింపవలెనన్న, నేడు వానికి చెప్పువాడు ఆలోచించువాడు కావలయును గదా. తాను నోరెత్తుటకు జంకువాడు పిల్లలకు నోరెత్తుట ఎట్లు నేర్పును? భాగవతమున హిరణ్యకశిపుడు కుమారునకు రాజనీతి చెప్పించుటకు చండామార్కులను నియమించిన కథ అందరకును తెలిసినదే. ఆ గురువులు చదువు రానివారు కారు, రాజునకు వెరచినవారు. వారు ఇంటిపనులపై అటు తొలగినపుడు ప్రహ్లాదుడు తోటి రాక్షసబాలురను చేరబిలిచి తనకు తెలిసిన సత్యము చెప్పెను. బడిలో గురువు లేనపుడే అసలు పాఠము జరిగినది. రాజమహేంద్రవరపు కథ తలచుకొనినపుడెల్ల నాకు ఆ ఘట్టము గుర్తుకు వచ్చును.

ఉద్యోగము పోయినవారు కృంగిపోలేదు. బడి లేకున్న పత్రిక యున్నదనుకొనిరి. 1908 లో మన బెజవాడనుండి స్వరాజ్య అను వారపత్రికను నడిపిరి. బోడి నారాయణరావుగారు దానిని ముద్రించి ప్రకటించిరి. కాలువలు, రైలుమార్గములు కలిసెడి ఊరు కావుననే కాబోలు, బెజవాడలో అచ్చయిన కాగితము నాలుగు దిక్కులకును త్వరగా పాకెడిది. ఆ యేడాది మార్చిలో తిరునెల్వేలిలో అలజడి రేగి, పోలీసులు జనులపై కాల్పులు జరిపిరి. ఆ దుండగమును ఖండించుచు విపరీతబుద్ధి అను శీర్షికతో సర్వోత్తమరావుగారి పత్రికలో సంపాదకీయము వెలువడెను. రాజద్రోహ నేరము మోపబడెను. మూడు సంవత్సరముల శిక్ష. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ ఆయనయే యని చరిత్రకారులు చెప్పుదురు.

వెల్లూరు చెరసాలలో ఆయనను దేశభక్తుడని ప్రత్యేకముగా చూచినవారు లేరు. బందిపోట్లతో, హంతకులతో కలిపి యుంచిరి. కాళ్ళకు చేతులకు గొలుసులు, మట్టిచిప్పలో కూడు, మురికి బట్టలు. ఎం.ఏ. చదివిన ఇరువదియైదేండ్ల యువకుడు! తరువాతి కాలమున చెరసాలకు పోవుట ఒక గౌరవమై, విడుదలైనవారిని పూలదండలతో ఊరేగించిరి. 1908 నాటికి ఆ వాడుక లేదు. శిక్ష ముగించి వచ్చినవానికి ఇంట చోటిచ్చుటకు జనులు భయపడిరట. పూలదండ దొరకునని తెలిసి చేసిన త్యాగమునకును, తలుపు మూయుదురని తెలిసియు చేసిన త్యాగమునకును లెక్కలో తేడా చూపవలెనని నా అభిప్రాయము. నా వృత్తి అట్టిది. ఏ పద్దు ఏ ఖాతాలో పడవలెనో ఆలోచింపక యుండలేను.

తరువాతి ఏండ్లను త్వరగా చెప్పెదను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రికలో కొంతకాలము సంపాదకత్వము వహించిరి. తెలుగున ఎడిటరునకు సంపాదకుడను మాటను మొదట వాడినది వీరేయని ప్రతీతి. మాట చిన్నదే. కాని తెలుగులో రాజ్యవ్యవహారము మాట్లాడుకొనవలెనన్న తెలుగు మాటలుండవలెను గదా. వాటిని ఒక్కొక్కటిగా చెక్కి యిచ్చిన తరమది. అనిబిసెంటమ్మగారి హోంరూలు ఉద్యమము వచ్చినపుడు ఆంధ్రదేశపు శాఖకు కార్యదర్శిగా పనిచేసిరి. 1920 దశకము చివర మదరాసు శాసనమండలిలో సభ్యులై రాయలసీమ కష్టసుఖములు వినిపించిరి. నంద్యాలనుండి మాతృసేవ అను పత్రికను నడిపిరి. ఇవి యన్నియు గొప్ప పనులే. కాని మన గోడపై వారి పటమునకు చోటు దొరికినది వీటివలన కాదు.

1914 ఏప్రిల్ 10 వ తేదీన బెజవాడ రామమోహన గ్రంథాలయమున చిలకమర్తివారి అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది అచ్చటనే. అయ్యంకివారి దీక్ష దానికి మూలము. ప్రభుత్వము ఆజ్ఞాపింపక, ధనము నీయక, ఊరివారు తమంతట తాము పుస్తకములు పోగుచేసికొని పెట్టుకొన్న గ్రంథాలయములను ఒక్క త్రాట కట్టిన సంఘమది. సర్వోత్తమరావుగారు ఆ సంఘమునకు చిరకాలము అధ్యక్షులుగా నుండి, ఎండ యనక వాన యనక జిల్లాలు తిరిగిరి.

ఊరి గ్రంథాలయము చేసిన పని పుస్తకములు ఎరవిచ్చుట మాత్రమేనా? నేను లెక్కలవాడను గనుక లెక్కలవైపునుండి చెప్పెదను. 1919 చట్టము క్రింద ఓటు, పన్ను కట్టువారికి, ఆస్తి గలవారికి మాత్రమే. 1935 చట్టముతో కొంత పెరిగినను, పెద్దవారిలో అధికసంఖ్యాకులకు ఓటు లేనే లేదు. అట్టి కాలమున చందా కట్టిన ప్రతి సభ్యునికిని గ్రంథాలయ వార్షికసభలో ఒక ఓటు. నూరెకరముల ఆసామికి ఒకటే, పుంజెడు కాగితములు కుట్టు దర్జీకి ఒకటే. కార్యదర్శి సంవత్సరపు జమాఖర్చులు చదువును. పదునాలుగు అణాల కిరసనాయిలు ఎందులకు ఖర్చయినదని ఎవరో లేచి అడుగును. కార్యదర్శి రసీదు చూపవలెను, చూపలేకున్న తలవంచుకొనవలెను. తీర్మానమును ప్రతిపాదించువా డొకడు, బలపరచువాడు మరొకడు, వ్యతిరేకించువాడు ఇంకొకడు. చేతులు లెక్కించి పుస్తకమున వ్రాసి, ఓడినవాడును సంతకము చేసి, మరునాడు అదే బల్లవద్ద కూర్చుండి అదే పత్రిక చదువుకొనును. శాసనసభ ఢిల్లీలోనో మదరాసులోనో ఉన్న దినములలో మన పల్లెలకు శాసనసభ ఇదియే.

ఇక్కడ ఒక నిజము దాచరాదు. ఆ గ్రంథాలయములన్నియు ఊరిలోని అన్ని వాడలవారికిని సమానముగా తలుపు తెరచినవని నేను చెప్పజాలను. పేరునకు అందరికిని సభ్యత్వమే యైనను, అరుగు మీద కూర్చుండువా రెవరో, వాకిట నిలుచుండువా రెవరో ఊరి ఆచారము నిర్ణయించెడిది. మన గ్రంథాలయముననే తొలి పదేండ్ల సభ్యుల పట్టికలో స్త్రీల పేర్లు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఆ పట్టిక నా చేతివ్రాతయే.

అందువలననే గ్రంథపాలకుడు ఎట్టివాడను ప్రశ్న ముఖ్యమయ్యెను. తాళపుచెవి మొలత్రాటికి కట్టుకొని బీరువాకు కాపలా యుండువాడు చాలడు. చదువురానివారిని కూర్చుండబెట్టి పత్రిక చదివి వినిపింపవలెను. వినిపించి, అందున్న వార్తపై రెండు పక్షములను చెప్పవలెను. తన పక్షము మాత్రము చెప్పి ఊరకుండరాదు. రాత్రిబడి నడుపవలెను. దీనికంతకును శిక్షణ కావలెను. గుంటూరు జిల్లా పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు ఈ శిక్షణకు పూనుకొనిరి. ఆయనయే 1935 లో పెదవడ్లపూడి కొల్లూరుల మధ్య కాలువపై పడవలో గ్రంథాలయము నడిపిన మహానుభావుడు. పుస్తకములు నీటిమీద వచ్చి రేవున ఆగెడివి. ప్రయాణికులు పడవలో చదువుకొనెడివారు. కృష్ణమ్మ కాలువ పొలమునకు నీరిచ్చుటయే గాక చదువు మోసిన దినములవి. అధ్యక్షపీఠమున సర్వోత్తమరావుగారు, కార్యరంగమున పాతూరివారు. ఏ శిక్షణ కళాశాల తనను గెంటివేసినదో, అట్టి శిక్షణ పనినే ఆయన సర్కారు గోడల వెలుపల, జీతము లేని కార్యకర్తల నడుమ సాగించిరి.

వయోజనవిద్య ఆయనకు రెండవ దీక్ష. పెద్దవారికి ఓనమాలు దిద్దించి, సంతకము నేర్పి, అక్షరాస్యుల లెక్కలో చేర్చి పంపినచో పని ముగిసినదని ఆయన తలపలేదు. సంతకము నేర్చినవాడు ప్రాంసరీనోటుపై వ్రేలిముద్రకు బదులు సంతకము పెట్టి మోసపోవచ్చును. చదివి, అర్థము చేసికొని, అవసరమైన పెట్టనని చెప్పగలుగుట వేరు. పెద్దలకు చెప్పు ఉపాధ్యాయునికి పిల్లల బెత్తము పనికిరాదు. పొలమునుండి అలసి వచ్చినవాడు ప్రశ్న అడిగిన, ఆ ప్రశ్నయే ఆనాటి పాఠము కావలెను.

నా చిన్ననాటి సంగతి యొకటి చెప్పుదును. నేను చదివిన ఒక బడిలో పౌరనీతి పాఠము చెప్పిరి. శాసనశాఖ, కార్యనిర్వాహకశాఖ, న్యాయశాఖ అని మేము గొంతెత్తి వల్లించితిమి. అదే దినమున తరగతి నాయకుని ఎన్నుకొనవలసి వచ్చెను. మాస్టారు వ్రేలు చూపి, నీవే యనిరి. మేము చప్పట్లు కొట్టితిమి. ఆయన చెడ్డవారు కారు, మాకు గణితము ప్రాణము పెట్టి చెప్పినవారు. ఆయనకు ఎవరును వేరు విధము చూపలేదు, అంతే. వ్రేలు చూపి నియమించుటయే ఆయన తన గురువులవద్ద చూచినది. నాకు ఎన్నిక యనునది అనుభవమునకు వచ్చినది బడిలో కాదు; పదునెనిమిదేండ్ల తరువాత గ్రంథాలయ సభలో.

దేశాంతరములందును ఈ ఆలోచన నడచినది. డెన్మార్కులో 1844 నుండి రైతుబిడ్డలకు ప్రత్యేక విద్యాలయములు వెలసి, పరీక్షలు లేని చదువు చెప్పి, వారిని ఊరి వ్యవహారములకు సమర్థులను చేసెను. అమెరికాలో జాన్ డ్యూయీ అను తత్త్వవేత్త ప్రజాస్వామ్యమును విద్యను ముడిపెట్టి 1916 లో గొప్ప గ్రంథము వ్రాసెను. మన దేశమున స్వాతంత్ర్యానంతరము 1952 లో మాధ్యమిక విద్యను విచారించుటకు నియమింపబడిన సంఘము ప్రజాస్వామ్య పౌరులను తీర్చిదిద్దుటను విద్యాలక్ష్యములలో ముందు చెప్పినది. ఆ సంఘమునకు అధ్యక్షులు డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారుగారు. చిత్రమేమనగా వారును కర్నూలులో పుట్టినవారే, సర్వోత్తమరావుగారికన్న నాలుగేండ్లు చిన్నవారు. 1907 లో ఒక శిక్షణ కళాశాల నేరముగా నెంచినదానిని నలువదియైదేండ్ల పిమ్మట ప్రభుత్వము నియమించిన సంఘమే లక్ష్యముగా చెప్పెను.

1951-52 లో తొలి సాధారణ ఎన్నికలు జరిగినవి. సుమారు 17 కోట్ల 30 లక్షలమందికి ఓటు. ఆనాటి జనాభాలెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మంది. అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై ఒక గుర్తు. ఇష్టమైన పెట్టెలో కాగితము వేయవలెను. అక్షరము రానివారు ఓటెట్లు వేయుదురని వెక్కిరించినవారు స్వదేశమునను విదేశమునను గలరు. జనులు బారులు తీరి వేసిరి. నలువది యేండ్లుగా చావడులలో, గుడి అరుగులపై, కాలువ పడవలలో పత్రిక చదివి వినిపించిన ఆ పేరులేని కార్యకర్తల పాలు అందులో ఎంతయో ఎవరును లెక్కగట్టలేదు. లెక్కగట్టుట సాధ్యమును కాదు.

గ్రంథాలయములకు చట్టబద్ధమైన ఆధారము కావలెనన్న చిరకాలపు కోరిక 1948 లో మదరాసు రాష్ట్రమున తీరినది. రంగనాథన్ గారు దానికి సూత్రధారులు. ఇంటిపన్ను రూపాయకు ఆరు పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయపు పన్నుగా చేరినది. ఈనాటికిని మన పంచాయతి రసీదులో గ్రంథాలయ సుంకము వేరు గడిలో కనిపించును. ఎందులకిది అని అడుగువారికి ఈ కథ చెప్పవచ్చును. సర్వోత్తమరావుగారి పేర బెజవాడ పటమటలో గ్రంథాలయ సంఘమువారు సర్వోత్తమ భవనము నిర్మించి, గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడిపిరి. బడి దొరకనివారి పేరు ఒక శిక్షణాలయమునకు నిలిచినది.

1959 లో మన రాష్ట్రమున పంచాయతిరాజ్యము వచ్చినది, దానిని చూచిరి. 1960 ఫిబ్రవరి 29 వ తేదీన, డెబ్బదియారేండ్ల వయస్సున, పరమపదించిరి. ఆ యేడే ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టము వచ్చెను.

ఆ తేదీ నాలుగేండ్ల కొకమారు గాని రాదు. మన గ్రంథాలయమున వారి వర్ధంతి జరుపవలెనని నిరుడు తీర్మానించినపుడు, తక్కిన సంవత్సరములలో ఏనాడు జరుపవలెనను చర్చ పుట్టి ఒక గంటసేపు సాగినది. ఫిబ్రవరి 28 అని కొందరు, మార్చి 1 అని కొందరు. చేతులెత్తించి లెక్కించితిమి. పదునాలుగు, తొమ్మిది. 28 వ తేదీ నెగ్గినది. నేను ఓడిన తొమ్మండుగురిలో ఒకడను. తీర్మానమును పుస్తకమున వ్రాసినవాడనును నేనే. పటము క్రింద క్రొత్త పేరు చీటి అంటించు పనిని ఆ పిల్లవానికే అప్పగించితిమి.